గాజుతొట్టెలో ఆఫ్రికా సరస్సు

ప్రకృతి తన వర్ణవైభవాన్ని పూలకు, పక్షులకు మాత్రమే పంచి ఊరుకోలేదు. నీటి అడుగున రాళ్ల నడుమ సంచరించే చేపలకు కూడా ఆ సంపదను ధారాళంగా ప్రసాదించింది. తూర్పు ఆఫ్రికా సరస్సులలోని సిక్లిడ్ చేపలు ఇందుకు చక్కని ఉదాహరణ. పసుపు, నీలం, నారింజ వన్నెలతో మెరిసే ఈ చేపలు నేడు అనేక దేశాలలో గృహాలంకారాలుగా గాజుతొట్టెలలో పెరుగుతున్నాయి. అయితే వీటిని సరిగా గుర్తించి, జాతి చెడకుండా వృద్ధి చేయడం ఓర్పుతో, పరిశీలనతో కూడిన విద్య.

సిక్లిడ్‌లు ఒక పెద్ద మత్స్యకుటుంబం. మనకు తెలిసిన తిలాపియా, కేరళ ప్రజలు ఇష్టంగా భుజించే కరిమీన్ ఈ కుటుంబానికి చెందినవే. చాలా చేపలకు ముట్టెపై ఒక్కొక్క వైపున రెండేసి నాసికారంధ్రాలుంటాయి. సిక్లిడ్‌లకు ఒక్కొక్కటే ఉంటుంది. నోటిలోని దవడలు గాక గొంతులో మరొక దవడల జత ఉండటం వీటి ప్రత్యేకత. ముందరి దవడలు ఆహారాన్ని పట్టుకుంటే, లోపలి దవడలు దానిని నలుగగొడతాయి. ఈ సౌకర్యం వల్లనే కొన్ని జాతులు రాళ్లపై నాచును గీకి తినడానికి, కొన్ని నత్తలను పగులగొట్టడానికి, మరికొన్ని ఇతర చేపలను వేటాడడానికి అలవాటుపడ్డాయి.

తూర్పు ఆఫ్రికాలోని మూడు మహాసరస్సులు వీటి ప్రధాన నిలయాలు. సుమారు 1,470 మీటర్ల లోతుగల టాంగన్యీకా అతి ప్రాచీనమైనది. మలావీ సరస్సులో సుమారు 800 సిక్లిడ్ జాతులున్నాయని అంచనా. విక్టోరియా సరస్సు సుమారు 15,000 సంవత్సరాల క్రితం ఎండిపోయి మరల నిండిందని పరిశోధకులు భావిస్తున్నారు. ఆ తరువాతి స్వల్పకాలంలోనే అందులో వందలాది జాతులు రూపొందడం జీవశాస్త్రజ్ఞులను ఆశ్చర్యచకితులను చేసింది.

ఈ చేపలను గుర్తించడంలో రంగు ఒక్కటే ప్రమాణం కాదు. మలావీ సరస్సుకు చెందిన ‘ఆరేటస్’ అనే జాతిలో పిల్లలు, ఆడచేపలు బంగారు వన్నె శరీరంపై నల్లని చారలతో ప్రకాశిస్తాయి. పెద్దదైన మగచేప మాత్రం ముదురు నలుపు రంగుకు మారి, లేతచారలను ధరిస్తుంది. తెలియనివారు ఈ రెండింటినీ వేర్వేరు జాతులని పొరబడతారు. ‘ఎలక్ట్రిక్ ఎల్లో’ అనే పసుపు చేపను వీపురెక్కపై సాగే నల్లని పట్టీ వల్ల గుర్తించవచ్చు. ‘పీకాక్’ అని పిలిచే జాతులలో మగవి నెమలివలె వన్నెలు చిమ్ముతుండగా, ఆడవి బూడిద వర్ణంలో ఒకదానినొకటి పోలి ఉంటాయి. కనుక శరీరాకృతి, నోటి నిర్మాణం, చారల అమరిక, స్వస్థలం అన్నింటినీ కలిపి చూచిన తరువాతనే జాతిని నిర్ణయించాలి.

వీటిని పెంచదలచినవారు ముందుగా ఆ సరస్సు లక్షణాలను తొట్టెలో కల్పించాలి. నీరు కొంత క్షారగుణం కలిగి ఉండాలి. మలావీ చేపలకు పి.హెచ్. విలువ 7.8 నుండి 8.6 వరకు, ఉష్ణోగ్రత 24 నుండి 28 డిగ్రీల సెల్సియస్ వరకు అనుకూలం. రాళ్లను పేర్చి గుహలవంటి చాటులు ఏర్పరచాలి. ఇవి స్వభావతః కలహప్రియాలు. చాటులేని తొట్టెలో బలవంతమైన మగచేప తక్కినవాటిని తరిమి తరిమి చంపుతుంది. అందుచేత ఒక మగచేపకు మూడు నాలుగు ఆడచేపలను జతచేయడం మంచిది. అప్పుడు దాని వేధింపు ఒక్క ఆడచేపపైనే పడదు. నాచు తినే జాతులకు శాకాహారమే ప్రధానంగా అందించాలి. మాంసాహారం మితిమీరితే అవి పొట్ట ఉబ్బి మరణించే ప్రమాదముంది.

మలావీ సిక్లిడ్‌ల సంతానోత్పత్తి ప్రకృతిలోని వింతలలో ఒకటి. ఆడచేప గుడ్లుపెట్టిన మరుక్షణమే వాటిని నోటిలోనికి తీసుకుంటుంది. అనేక జాతులలో మగచేప అడుగురెక్కపై గుడ్లను పోలిన చుక్కలుంటాయి. ఆడచేప ఆ చుక్కల దరికి నోరుచేర్చినప్పుడు మగచేప విడిచిన వీర్యం లోపలికి ప్రవేశించి, నోటిలోని గుడ్లు ఫలదీకరణం చెందుతాయి. ఆపైన సుమారు మూడు వారాలపాటు తల్లి దాదాపు ఉపవాసముండి, గుడ్లను, పిల్లలను నోటిలోనే కాపాడుతుంది. ఆ సమయంలో దాని గొంతు ఉబ్బి, శరీరం కృశిస్తుంది. అటువంటి తల్లిని నెమ్మదిగా వేరొక తొట్టెకు మార్చాలి. తొందరపాటుతో బెదరగొడితే అది పిల్లలను ఉమ్మివేయవచ్చు, మ్రింగివేయవచ్చు. బయటకు వచ్చిన పిల్లలకు ఆర్టీమియా అనే సూక్ష్మజీవులను, మెత్తగా నూరిన మేతను ఇవ్వాలి.

ఇక్కడ పెంపకందారుని నిజాయితీకి పరీక్ష ఎదురవుతుంది. దగ్గరి సంబంధంగల జాతులను ఒకే తొట్టెలో ఉంచితే అవి సంకరమై, తల్లిదండ్రుల గుర్తులు కలగలసిన సంతానం పుడుతుంది. దానికి అసలు జాతి పేరు తగిలించి విక్రయిస్తే, కొన్ని తరాలలో తొట్టెలలోని శుద్ధజాతి అంతరిస్తుంది. సరస్సులోనూ ఇట్టి నష్టం జరిగింది. విక్టోరియా సరస్సు నీరు కలుషితమై మసకబారినచోట ఆడచేపలు తమ జాతి మగచేపల రంగును గుర్తించలేక, జాతుల మధ్య భేదం సన్నగిల్లిందని 1997లో వెలువడిన పరిశోధన వెల్లడించింది. అంతకుముందే, 1950ల దశకంలో ఆ సరస్సులో విడిచిన నైలు పెర్చ్ అనే వేటచేప 1980ల దశకంలో విపరీతంగా పెరిగింది. దాని వల్ల దాదాపు 200 జాతులు కనుమరుగయ్యాయని అంచనా. వాటికి బంధువులైన కొన్ని జాతులు నేడు జంతుప్రదర్శనశాలల తొట్టెలలో, అభిరుచిగలవారి ఇళ్లలో సంరక్షణ పొందుతున్నాయి.

అందువల్ల ఒక్కొక్క తొట్టెలో ఒక్క జాతినే ఉంచి, దాని పేరును, స్వస్థలాన్ని వ్రాసిపెట్టుకోవడం ఉత్తమ పద్ధతి. పెంచలేని చేపలను చెరువులలో, కాలువలలో విడవరాదు. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా అనేక జలాశయాలలో వ్యాపించి, స్థానిక మత్స్యాలకు పోటీగా నిలిచిన అనుభవం మనకున్నది. గాజుతొట్టె చిన్నదే కావచ్చు. కాని ఒక సరస్సు వేల సంవత్సరాలలో తీర్చిదిద్దిన జీవకళ దానిలో నివసిస్తున్నది. ఆ కళను చెడనివ్వక తరువాతి తరానికి అందించడమే నిజమైన అభిరుచికి గుర్తు.