వెబ్‌సైటు చట్రమును మార్చుకొను విధము

రైతు సంఘములు పెక్కు నేడు సరుకుల ధరలను, సభ్యుల ఖాతాలను వెబ్‌సైటులలో ఉంచుచున్నవి. ఇంటికి దూలములు, వాసములు ఎట్టివో సైటుకు చట్రము అట్టిది. దీనినే ఫ్రేమ్‌వర్కు అందురు. దీనికిని ఆయువు కలదు.

గూగుల్ సంస్థ 2010లో వెలువరించిన యాంగ్యులర్‌జెఎస్‌తో ఎన్నో సైట్లు కట్టబడినవి. 2016లో ఆ సంస్థవారే యాంగ్యులర్ అను చట్రమును మొదటినుండి తిరిగి వ్రాసిరి. పేర్లు దగ్గరవే గాని, పాతదానికై వ్రాసినది కొత్తదానిలో నడువదు. 2021 డిసెంబరు 31తో పాతదానికి గూగుల్ మద్దతు ముగిసినది. మీ సైటు నేడును నడచుచుండవచ్చును. కాని దానిలో బీట కనబడినచో గూగుల్ వారు పూడ్చరు. సభ్యుల బ్యాంకు ఖాతా సంఖ్యలు ఉన్నచోట ఇది చిన్న సంగతి కాదు.

మార్చునపుడు ఈ క్రింది పద్ధతులు పాటింపుడు.

1. పుటలు, ఫారములు ఎన్ని కలవో, వానిలో వాడుకలో ఉన్నవి ఏవో పట్టిక వ్రాయుడు. ఎవరును చూడని పుటలను కొత్త సైటులోనికి మోయనక్కరలేదు.

2. యాంగ్యులర్‌జెఎస్ చూచువారి బ్రౌజరులో నడచును. ఖాతాలు సర్వరులోని డేటాబేసులో ఉండును. కావున చట్రము మారినంత మాత్రమున ఖాతాలను కదల్ప పనిలేదు. అయినను ముందుగా నకలు తీసి వేరొక చోట దాచి, దానిని తెరచి చూడుడు. తెరచి చూడని నకలు మొలక పరీక్ష చేయని విత్తనము వంటిది.

3. అంతయు ఒక్కనాడు మార్చరాదు. తాటిచెట్టుపై మొలచిన మర్రి క్రమముగా వేళ్లు దింపి, చెట్టును కమ్మివేయుట మీరు చూచియే యుందురు. ఇట్టి చెట్లను ఆస్ట్రేలియాలో చూచిన మార్టిన్ ఫౌలర్ 2004లో ఈ పద్ధతికి వాని పేరే పెట్టెను. పాత, కొత్త చట్రములను ఒకే సైటులో జతగా నడుపు సాధనమును గూగుల్ వారే ఇచ్చిరి. ముందు ధరల పుటను మార్చి, నిలకడ చూచి, చెల్లింపుల పుటను చివరకు ఉంచుడు.

4. పాత చిరునామాలు చెడరాదు. సర్వరుకు చేరు చిరునామాలను 301 అను శాశ్వత మళ్లింపుతో కొత్తవానికి త్రిప్పవలెను. చిరునామాలో హ్యాష్ గుర్తు తరువాతి భాగము సర్వరుకు చేరదు. దానిని బ్రౌజరులోనే త్రిప్పు ఏర్పాటు కావలెను. ఈ సంగతి పని చేయువానికి ముందే చెప్పుడు.

ఇల్లు అలకగనే పండుగ కాదు. పని ముగిసిన పిదప చవక ఫోనులో, సిగ్నలు తక్కువగా ఉన్నచోట ప్రతి ఫారమును నింపి చూడుడు. సైటు మూలవ్రాతను, తాళపు మాటలను సంఘము పేరనే భద్రపరచుడు. ఏటేట ఏరువాకకు ముందు మీ చట్రమునకు మద్దతు ఎంతవరకు కలదో విచారించుకొనుడు.