తొలికథకు పునాది

కథ వ్రాయవలెనన్న కోరిక ఒక్కసారియైనా కలుగని విద్యార్థి అరుదు. కాగితము ముందు పెట్టుకొని, రెండవ పుటకు రాకముందే ఆగిపోనివాడు అంతకన్న అరుదు. దీనికి ప్రతిభాలోపమే కారణమని చాలమంది తలుస్తారు. పరిశీలించి చూస్తే, పునాది త్రవ్వకుండ గోడ లేపబోవడమే అసలు కారణమని తేలుతుంది.

మన బడులలో వ్యాసరచన నేర్పినంతగా కథారచన నేర్పరు. అందుచేత తొలికథకుడు వ్యాసము త్రోవనే పట్టుతాడు. ముందు ఒక నీతిని నిశ్చయించుకొని, దానిని మోయడానికి మనుష్యులను వెదకుతాడు. అట్లా బరువు మోయడానికే పుట్టిన మనుష్యులు కథలో బ్రతుకరు. కథకు బీజము నీతి కాదు. ఒక మనిషి మనస్సో బ్రతుకో ఒక వైపునుండి మరొక వైపునకు తిరిగిన క్షణము. ఆ క్షణమేదో ముందుగా తెలిసినచో, ఎక్కడ ఆరంభించాలి, ఎవరి కన్నులతో చూపాలి, దేనిని విడిచిపెట్టాలి అన్న చిక్కులు చాలవరకు విడిపోతాయి.

గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ 1910లో వెలువడినది. నడిరేయి దాటిన తరువాత భర్త వచ్చి తలుపు తట్టడముతో అది మొదలవుతుంది. గోపాలరావు చదువు, పెండ్లి, పాటకచేరీల మోజు, ఇవన్నీ అప్పటికే జరిగిపోయినవి. కొత్తవాడైతే పెండ్లిపందిటినుండి మొదలు పెట్టి ఉండును. గురజాడ వారు భార్య కనిపించని ఇంటినుండి మొదలు పెట్టినారు. వెనుకటి సంగతులు నౌకరుతో జరిగిన మాటలలోనూ, ఆమె వ్రాసిపెట్టిన ఉత్తరములోనూ బయటపడతాయి. ఒక్క రాత్రి, ఒక్క ఇల్లు, ముగ్గురు మనుష్యులు! తొలికథకు ఇంతకన్న మంచి కొలబద్ద దొరకదు.

అట్లైతే కథ చిన్న సంగతులనే చెప్పవలెనా? అక్కరలేదు. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ 1966లో అచ్చయినది. ఒక పల్లె ఆర్థిక చరిత్ర అంతా అందులో ఉన్నది. అయినా ఆ కథ నిలబడినది ఒక బాకీ తీర్పు కోసము కూడిన పంచాయతీలో. రంగస్థలము ఇరుకు, చూపు విశాలము. ఆయన విశాఖపట్నములో లెక్కల ఉపాధ్యాయులు. ప్రపంచ కథల పోటీలో ‘గాలివాన’కు 1952లో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు గారు రసాయనశాస్త్ర అధ్యాపకులు. కథ తెలుగు పంతుళ్ళ సొత్తు మాత్రమే కాదని విద్యార్థులు గ్రహించవలెను.

ఇక ఈ మాటను ఒక ఊరిలో నిలిపి చూద్దాము. హైదరాబాదునుండి నాగార్జునసాగరం పోయే బాటలో, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ దాటిన పిమ్మట తుర్కయంజాల్ వస్తుంది. ఒకనాటి సేద్యపు పల్లె. నగరము పెరిగి పెరిగి దానిని చేరుకొన్నది. గట్లు ఉన్నచోట ప్లాట్ల హద్దురాళ్ళు వెలిసినవి. ఇక్కడి విద్యార్థిని కథ వ్రాయమంటే, భూముల ధరలనుగూర్చి వ్యాసమే వ్రాసి చివర కన్నీరు చిలికించవచ్చును.

దానికి బదులు ఒక ముసలి రైతును ఊహించుకొనవలెను. చేను అమ్మినాడు, రిజిస్ట్రేషను అయిపోయినది. అయినా మరునాడు తెల్లవారగానే కాళ్ళు అలవాటుకొద్దీ అటే నడిచినవి. కొత్తగా వచ్చిన కాపలావాడు అడ్డము వచ్చి, “ఎవరు కావాలె తాతా?” అని అడిగినాడు. తన చేనిలో తనను అడిగిన ఆ ప్రశ్న దగ్గరనే కథ ఉన్నది.

ఇప్పుడు నోటుపుస్తకములో నాలుగు సంగతులు వ్రాసుకొంటే చాలును. ఈ మనిషికి ఏమి కావాలి? ఏది అడ్డము? ఎవరు చూస్తున్నారు? చివరకు ఏమి మారింది? చూసేవాడు వెంట వచ్చిన మనుమడనుకొందాము. ఆ డబ్బుతో మోటారుసైకిలు వస్తుందని రాత్రంతా సంబరపడినవాడు. అప్పుడు మారవలసినది తాత కాదు, మనుమడు. కథ ఒక్కసారిగా లోతెక్కినది. తాత నోట ఆ ఊరి మాటే పలుకవలెను. “పాపము” అని కథకుడు అనరాదు. ఆ మాట పాఠకుని మనస్సులో పుట్టవలెను.

తొలిప్రతి పూర్తియైనాక రెండుమూడు దినములు ప్రక్కన ఉంచి, పైకి చదువుకొని, ఆ క్షణమునకు పనికిరాని వాక్యమును కొట్టివేయవలెను. ఉపాధ్యాయులును అక్షరదోషములకు ఎర్రసిరా పూయకముందు, “ఇందులో ఎవరు మారినారు? ఎక్కడ మారినారు?” అని అడిగితే విద్యార్థికి ఎక్కువ మేలు.

చేను అమ్మిన దస్తావేజులో విస్తీర్ణము ఉంటుంది, నలుదిక్కుల హద్దులు ఉంటాయి. ఆ ఉదయపు నడక మాత్రము అందులో ఉండదు. దానిని ఎరిగిన పెద్దలు ఏటేటా తరిగిపోతున్నారు. వ్రాయవలసినవాడు ఆ ఊరి బడిలోనే, ఏదో ఒక బల్లమీద కూర్చుండి ఉన్నాడు.