ముప్పది రెట్టింపులు, ముప్పది సగములు



షాద్‌నగరు ప్రాంతపు పెద్దలు అచ్చట నెలకొన్న గొప్ప గొప్ప పళ్లెముల వంటి యంత్రములను చూచియుందురు. ఆకాశమున తిరుగు ఉపగ్రహములు భూమిని చిత్రించి పంపు వార్తలను అవి గ్రహించును. ఆ వార్తలు వచ్చునది రేడియో తరంగములపైననే. నా మాట మీ చెవి చేరుటయు అట్టి తరంగముల వలననే. సూర్యుని వెలుగును, 1895లో జర్మనీ దేశమున రాంట్‌జన్ కనుగొనిన ఎక్స్ కిరణములును ఆ కుటుంబములోనివే. తరంగము పొట్టిదైనకొలది దాని బలము హెచ్చును. ఎక్స్ కిరణము ఒంటిలోనికి దూరి జీవకణముల మర్మమును దెబ్బకొట్టగలదు. భౌతికశాస్త్రము క్యాన్సరు వైద్యమున ప్రవేశించినది ఆ ద్వారముననే. 1951లో కెనడా దేశమున కోబాల్టు కిరణములతో చికిత్స మొదలయ్యెను. మన హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిటి క్యాన్సరు ఆసుపత్రి 1955లో ఏర్పడెను. కాని కిరణముల నిచ్చి భౌతికశాస్త్రము ఊరకుండలేదు. లెక్కకట్టి చూచు నలవాటును గూడ వైద్యమునకు ఇచ్చెను. నేడు చెప్పదలచినది ఆ లెక్కను గూర్చియే.

మా మేనమామ షాద్‌నగరు దాపున నొక పల్లెలో సేద్యము చేయువాడు. ఆయనకు మెడమీద గడ్డ లేచినది. పట్నపు వైద్యులు పరీక్షించి, మన పెద్దలు రాచపుండనెడి క్యాన్సరే యని తేల్చి, వారమునకు ఐదు దినముల చొప్పున ముప్పదిమార్లు కిరణచికిత్స కావలెననిరి. పదిమార్లు కాగానే గడ్డ చాలవఱకు అణగినది. ఇంతలో మృగశిర కార్తె వచ్చినది. “గడ్డ కరిగె గదా అల్లుడా, ఇంక పట్నమెందుకు?” అని ఆయన ఇల్లు చేరెను. భౌతికశాస్త్రము బోధించువాడనయ్యు నేను ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుచున్నాను.

మన పాత కొలతలను తలచుకొనుడు. సోలకు రెట్టింపు తవ్వ, తవ్వకు రెట్టింపు మానిక, మానికకు రెట్టింపు అడ్డ, అడ్డకు రెట్టింపు కుంచము. నాలుగే మెట్లెక్కితిమి, సోల పదునాఱు సోలలైనది. క్యాన్సరు కణము పెరుగుటయు ఇట్లే: ఒకటి రెండగును, రెండు నాలుగగును. పది మెట్లకు వేయి దాటును, ఇరువది మెట్లకు పది లక్షలు, ముప్పది మెట్లకు నూఱు కోట్లు. నూఱు కోట్ల కణములు కూడిన గడ్డ పెద్ద శనగగింజంత యుండును. అనగా చేతికి తగులునప్పటికే ముప్పది మెట్లు గడచినవి. మఱి పది మెట్లెక్కినచో గడ్డ కిలో బరువగును. నిజమునకు కొన్ని కణములు నడుమనే చచ్చును, పెరుగుదల యొకే తీరున సాగదు. అయినను ఈ మోటు లెక్క వ్యాధి స్వభావమును చక్కగా చూపును. మా మామ గడ్డ శనగగింజకంటె పెద్దదే. కాని అంగుళము గడ్డకైనను శనగగింజకైనను భేదము నాలుగు మెట్లే.

ఇక దిగు లెక్క. కిరణములు ఒక్కొక్కమాఱు ఇన్ని కణములని కాక, మిగిలినవానిలో ఇంత పాలని చంపును. ఆ పాలు క్యాన్సరును బట్టి మాఱును, సులభముగా సగమనుకొందము. నూఱు కోట్ల గడ్డలో మొదటినాడు చచ్చునవి ఏబది కోట్లు. పదవనాడు చచ్చునవి పది లక్షలు మాత్రమే, మిగులునవియు అంతే. ఆ పది లక్షలు ఆవగింజకంటె చిన్నవి, వ్రేలికి తగులవు. కాని వానిని విడిచినచో పది రెట్టింపులలో తిరిగి నూఱు కోట్లగును. మన చేతికి గడ్డ పోయినది. లెక్కలో మూడవ వంతు దారి మాత్రమే గడచినది.

అన్నియు ఒకేమాఱు ఇవ్వరాదా యని మీరడుగవచ్చును. చుట్టునున్న మంచి కణములును దెబ్బతినును. ఒక దినము విరామ మిచ్చినచో అవి క్యాన్సరు కణములకంటె బాగుగ మఱమ్మతు చేసికొనును. ఇంకొక కారణమును ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త లూయీ హెరాల్డ్ గ్రే, వైద్యుడు టామ్లిన్‌సన్‌తో కూడి 1955లో చూపెను. ఊపిరితిత్తుల గడ్డలను సూక్ష్మదర్శినితో కొలిచి చూడగా, నెత్తురునాళమునుండి ప్రాణవాయువు మిల్లీమీటరులో ఐదవవంతు దూరమైనను సాగుట లేదని తేలినది. కాలువ చివరి మడికి నీరందనట్లే. ఆ యెండిన చోటి కణములు కిరణములకు తేలికగా లొంగవు. దగ్గరివి చచ్చినకొలది దూరపువానికి ఊపిరి యందును, అప్పుడవియు లొంగును. అందుకును దినముల గడువు కావలెను. నేడు కిరణముల మోతాదును కొలుచు మానమునకు గ్రే యనియే పేరు. సామాన్యముగా పూటకు రెండు గ్రేలు.

మూడు నెలలకు మా మామ గడ్డ తిరిగివచ్చెను. మరల పట్నము పోతిమి. మెడలోని మాంసమును వెన్నుపామును మొదటి పదిమార్ల మోతాదును మఱచియుండవు. ఆ భారమును మినహాయించియే క్రొత్త మోతాదు కట్టవలెను. ఆ లెక్క వేయుటకు వైద్యులకు వారము పట్టినది. ఈమాఱు ఆయన ఒక్క పూటయు తప్పలేదు. ఆ యేటి యాసంగి జొన్న ఆయన తమ్ముడు విత్తెను.