చమురు రాజ్యములు – మన కూలీలు

అరబ్బు దేశముల చమురు వెలకును మన పల్లెల అప్పుపత్రములకును సంబంధము కలదని పాఠకు లెఱుగుదురు. 1973వ సంవత్సరాంతమున ఆ వెల నాలుగింతలు కాగా ఎడారిలో నగరములు లేచినవి. వానికి ఇటుకలు మోసినవారిలో కరీంనగరము, నిజామాబాదు, మెదకు జిల్లాల రైతుబిడ్డలు వేలకొలది కలరు; వీసాకై ఏజెంటున కిచ్చిన సొమ్ము పెక్కుచోట్ల వడ్డీకి తెచ్చినదే.

2011లో సౌదీ ప్రభుత్వము 'నితాఖత్' అను నిబంధనచే వ్యాపారసంస్థలు కొంత పాలు స్వదేశీయులనే నియమింపవలెనని శాసించెను. 2014లో చమురు వెల పడిపోయెను. 2016లో చమురుపై నాధారపడని భవిష్యత్తును గోరి 'విజన్ 2030' వెలువడినది. ఇన్ని మార్పులు వచ్చినను అధికారము రాజవంశము చేయి దాటలేదు. అయినను తన బిడ్డలకు పని కల్పించుకొను రాజ్యమును మేము నిందింపజాలము.

మాకు వింతగొలుపునది వేఱొకటి. సంగారెడ్డి మొదలు పటాన్‌చెరు దాక పొగగొట్టములు నిలిచియుండగా మనవాడేల సముద్రము దాటవలె? 2025 జూన్ 30న పాశమైలారమున ఔషధసామగ్రి కర్మాగారము ప్రేలి నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో ననేకులు బీహారు, ఒడిశా మున్నగు రాష్ట్రముల కూలీలు. రియాదులో మనవాడెట్టివాడో, ఇచ్చట వారట్టివారు!

గల్ఫున మరణించినవారి కుటుంబములకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఐదు లక్షల రూపాయల సాయము ప్రకటించినది, మంచిదే. బ్రతికి తిరిగివచ్చినవానికి పటాన్‌చెరులో ఏ వేతనముపై, ఏ రక్షణతో పని చూపుదురో దొరతనమువారును కర్మాగారాధిపతులును చెప్పవలసియున్నది.