పంటకు మంచిదైన నల్లరేగడి గోడనెందుకు చీల్చింది?

అప్పు చేసి చేలో కట్టిన మా కందుల గోదాము రెండో వానాకాలానికే బీటలిచ్చింది. భూసార పరీక్ష చేయించా కదా అనుకున్నా. అది పంటకే, కట్టడానికి జియోటెక్నికల్ ల్యాబ్ పరీక్ష వేరు.

ఈసారి పునాది లోతు మట్టి పంపాను. ఓవెన్‌లో ఆరబెట్టి, జల్లించి, 10 గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టాల్లో వేశారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు. 24 గంటల తర్వాత అక్కడ 10 మిల్లీలీటర్లు, నీళ్లలో 18! అంటే 80 శాతం ఉబ్బింది. ఎండితే మళ్లీ కుంచించుకుపోతుంది. పత్తికి తేమ దాచిపెట్టే బంకమన్నే పునాదిని కదిలించింది.

ఇంజనీరు సలహాతో నల్లమట్టి తీసేసి, మొరం పోసి దిమ్మిస కొట్టిస్తున్నాం. పరీక్ష మొత్తం కింది వీడియోలో ఉంది. మీరు మాత్రం ముగ్గు పోయకముందే చేయించండి.