పూతకు ముందు తలం: నిర్మల్ లప్పం, ఎపాక్సీ – ఒక పోలిక

ఉపోద్ఘాతం

నిర్మల్ బొమ్మను చూసేవారి దృష్టి మొదట రంగుపైనే నిలుస్తుంది. అయితే ఆ రంగు మన్నిక దాని అడుగున ఉన్న తలంపై ఆధారపడి ఉంటుంది. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో భాగమై, 2016లో ప్రత్యేక జిల్లా కేంద్రమైన నిర్మల్‌లో నకాషీ కళాకారులు పాటించే తల సంస్కారాన్ని, నేటి ఎపాక్సీ తల సంస్కారంతో పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

లప్పం: చదును కోసం రుద్దడం

పొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతికిస్తారు. అది ఆరాక రుద్ది, తెల్లసుద్ద పూసి, ఆపై రంగు వేస్తారు. లప్పంలో తడి మిగిలితే అది తరువాత కుంచించుకుపోయి పైపూత బీటలువారుతుంది. కర్ర, సుద్ద రెండూ సూక్ష్మరంధ్రాలు గల పదార్థాలు. రంగును తమలోకి పీల్చుకొని పట్టుకుంటాయి. కనుక ఇక్కడ రుద్దడం ప్రధానంగా చదును కోసమే.

ఎపాక్సీ: పట్టు కోసం రుద్దడం

ఎపాక్సీ ఆరి గట్టిపడేది కాదు. రెజిన్, హార్డెనర్ల రసాయనిక చర్య వల్ల గట్టిపడేది. ఎండ తగిలితే పసుపెక్కుతుంది కాబట్టి దానికి పైపూత అవసరం. కానీ పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీ గాజులా నునుపుగా ఉండి, రంగును పీల్చుకోదు. సాండ్ పేపర్ చేసే సన్నని గీతలే రంగుకు పట్టునిస్తాయి.

అందుకు ఒక క్రమం ఉంది. తేమ, చలి ఉన్నప్పుడు కొన్ని ఎపాక్సీలపై మైనం వంటి పొర తేలుతుంది. అది నీటిలో కరుగుతుంది కనుక ముందు కడగాలి. కడగకుండా రుద్దితే ఆ పొర తలమంతా పులుముకుంటుంది. తరువాత 80 లేదా 120 నంబరు కాగితంతో ఎగుడుదిగుళ్లు తీసి, 180 లేదా 220తో ముగించాలి. కాగితానికి జిగట అంటుకుంటే ఎపాక్సీ ఇంకా పూర్తిగా గట్టిపడలేదని గుర్తు. చివరగా దుమ్మును పూర్తిగా తుడవాలి. రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు హానికరం. ముఖానికి తగిన మాస్కు తప్పనిసరి.

ముగింపు

చేతి కదలిక రెండు చోట్లా ఒకటే; ప్రయోజనం మాత్రం వేరు. కర్రపని నేర్పిన ‘ఎంత నునుపైతే అంత మేలు’ అన్న సూత్రాన్ని ఎపాక్సీకి వర్తింపజేస్తే రంగు పొరలుగా ఊడిపోతుంది. కాబట్టి హస్తకళలపై క్షేత్రపరిశోధన చేసేవారు ‘రుద్దుతారు’ అని రాసి ఊరుకోక, ఏ పదార్థాన్ని, ఏ దశలో, ఎందుకు రుద్దుతారో నమోదు చేయాలి. పైపూత కప్పివేసిన శ్రమ అప్పుడే పరిశోధనకు అందుతుంది.