పి యు టి... ‘పుట్’ ఎందుకైంది?

బి యు టి ‘బట్’ అయినప్పుడు పి యు టి ‘పట్’ ఎందుకు కాలేదు? తెలుగు బడుల్లో ఇంగ్లిష్ మొదలుపెట్టిన పిల్లలు తరతరాలుగా అడుగుతున్న ప్రశ్న ఇది. వాళ్లకు దొరికే జవాబూ తరతరాలుగా ఒక్కటే: ‘అదంతే, బట్టీ పట్టు.’ ఇంత మంచి ప్రశ్నకు ఇంతకన్నా అన్యాయమైన జవాబు లేదు. ఎందుకంటే దానికి అసలు సమాధానం ఉంది. ఐదో తరగతి పిల్లవాడికి కూడా అది అర్థమవుతుంది.

ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ‘బట్’ను ‘బుట్’ అనీ, ‘కట్’ను ‘కుట్’ అనీ పలికేవారు. యు అక్షరానికి అక్కడ ఉకారమే. 17వ శతాబ్దంలో లండన్‌తో సహా దక్షిణ ప్రాంతాల్లో ఆ హ్రస్వ ఉకారం నోట్లో సడలి ‘అ’కు దగ్గరగా జరిగింది. పెదవుల సాయంతో పలికే ప, బ, ఫల పక్కన మాత్రం కొన్ని మాటల్లో గుండ్రటి ఉకారం నిలిచిపోయింది. పుట్, పుష్, పుల్, ఫుల్, బుల్, బుష్ అలా మిగిలినవే. అన్నిచోట్లా నిలిచిందా అంటే లేదు. బట్, ఫన్ లాంటివి మార్పులో కలిసిపోయాయి. అంటే, దారి మార్చింది పుట్ కాదు, బట్. ఉత్తర ఇంగ్లండ్‌లో ఈ మార్పు చాలావరకు రానేలేదు. చదువు కోసం లీడ్స్‌కో షెఫీల్డ్‌కో వెళ్లిన మన పిల్లలు అక్కడివాళ్ల నోట ‘బుస్’, ‘కుప్’ అని ఇప్పటికీ వింటారు.

బ్లడ్, గుడ్, ఫూడ్ సంగతీ ఇంతే. మూడింటిలోనూ రెండేసి ఓలు ఉంటాయి, పలుకు మాత్రం మూడు రకాలు. మొదట్లో మూడింటికీ దీర్ఘమే. ‘బ్లడ్’ ముందుగా పొట్టిదై, పైన చెప్పిన ‘అ’ మార్పుకు దొరికింది. ‘గుడ్’ ఆలస్యంగా పొట్టిది కావడంతో ఆ మార్పు దాన్ని తాకలేదు. ‘ఫూడ్’ దీర్ఘంగానే ఉండిపోయింది. రాత ఒక్కటే, మార్పుకు దొరికిన కాలాలు వేరు.

మరి పలుకు మారినప్పుడు రాత ఎందుకు మారలేదు? 1476లో విలియం కాక్స్‌టన్ లండన్ పక్కనున్న వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఇంగ్లండ్‌లో అదే మొదటిది. అప్పటిదాకా ఏ ఊరి లేఖకుడు ఆ ఊరి పలుకును బట్టి రాసుకునేవాడు. అచ్చు వచ్చాక అక్షరక్రమం మెల్లగా ఒక రూపానికి కుదురుకుంది. సరిగ్గా ఆ కాలంలోనే ఇంగ్లిష్ దీర్ఘాచ్చులన్నీ స్థానాలు మార్చుకుంటున్నాయి. సుమారు 1400 నుంచి 1700 వరకు సాగిన ఈ కదలికకు ‘గ్రేట్ వవెల్ షిఫ్ట్’ అని పేరు పెట్టినవాడు డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్. అంతకుముందు ‘టైమ్’ను ‘టీమ్’కు, ‘నేమ్’ను ‘నామ్’కు, ‘హౌస్’ను ‘హూస్’కు దగ్గరగా పలికేవారు. పరుగెత్తుతున్న మనిషిని ఫొటో తీసినట్టు, నడుస్తున్న భాషను అచ్చు పట్టుకుంది. మనిషి ముందుకు వెళ్లిపోయాడు, ఫొటో అక్కడే ఉంది.

‘నైట్’ అనే వీరుడి మాటలో కె, జి, హెచ్ ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. ఆ అక్షరాలు వృథాగా రాసినవి కావు. ఒకనాడు ‘క్నిహ్‌ట్’ అన్నట్టుగా అన్నిటినీ పలికేవారు.

చదువుకున్నవాళ్లు చేర్చిన ‘బి’

పలుకులోంచి జారిపోయిన అక్షరాలు ఒక రకం. ఎన్నడూ పలకని అక్షరాలను కావాలని తెచ్చిపెట్టడం ఇంకో రకం. నాకు కోపం తెప్పించేవి ఈ రెండో రకానివి.

అప్పు అనే అర్థంలో ‘డెట్’ ఫ్రెంచి నుంచి వచ్చింది. వచ్చినప్పుడు అందులో బి లేదు. లాటిన్ మీద భక్తి పెరిగిన రోజుల్లో పండితులు దీని మూలం ‘డెబిటుమ్’ కదా అని బి చేర్చారు. ‘డౌట్’లోకి కూడా అలాగే బి వచ్చింది, ‘రిసీట్’లోకి పి వచ్చింది. వీటికి మూలంలోనైనా ఆధారం ఉంది. ‘ఐలండ్’కు అదీ లేదు. అది పాత ఇంగ్లిష్ మాట, లాటిన్‌తో దానికి చుట్టరికం లేదు. ఫ్రెంచి దారిలో లాటిన్ నుంచి వచ్చిన ‘ఐల్’ను చూసి, ఇదీ దాని బంధువే అనుకుని ఎస్ దూర్చారు. డిక్టేషన్‌లో ఎస్ లేకుండా ఐలండ్ రాసిన పిల్లవాడికి మనం సున్నా వేస్తాం. చరిత్ర ప్రకారం తప్పు రాసింది ఆ పండితులు.

దీన్ని బాగుచేయాలని ఎవరూ ప్రయత్నించలేదా? చాలామందే పూనుకున్నారు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ ‘కలర్’లోంచి యు తీసేశాడు, ‘సెంటర్’ చివర ఇ, ఆర్‌ల వరస మార్చాడు. 1828 నాటి ఆయన నిఘంటువుతో అవి స్థిరపడ్డాయి. ‘టంగ్’ను టి, యు, ఎన్, జితో సరిపెడదామన్న మాట మాత్రం ఎవరూ వినలేదు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సులువు స్పెల్లింగులు వాడాలని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించాడు. పత్రికలు విరుచుకుపడ్డాయి, ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు, అదే ఏడాది ఆయన వెనక్కి తగ్గాడు. నాటకకర్త బెర్నార్డ్ షా కొత్త లిపి కోసం వీలునామాలో డబ్బు రాసిపెట్టి 1950లో కన్నుమూశాడు. 1962లో ఆ లిపిలో ఆయన నాటకం ఒకటి అచ్చయింది. కథ దాదాపు అక్కడితో ఆగింది.

ఆగడమే మంచిదైందని నా అభిప్రాయం. పలికినట్టు రాయాలంటే ఎవరు పలికినట్టు? లండన్‌వాళ్లా, లీడ్స్‌వాళ్లా, టెక్సస్‌వాళ్లా, విజయవాడవాళ్లా? ఎవరి నోటికి అనువుగా రాసినా మిగతావాళ్లకు అది పరాయిదే. ఈ వంకర స్పెల్లింగు ఏ ఒక్కరిదీ కాదు కాబట్టే అందరిదీ అయింది.

వాక్యం చివర వచ్చిన తగువు

స్పెల్లింగుకు చరిత్ర ఉంది. వ్యాకరణ సూత్రాలనే కొన్నిటికి మాత్రం ఒకరిద్దరి ఇష్టాయిష్టాలే ఆధారం. వాక్యం చివర విత్, ఫర్, ఆఫ్ లాంటివి రాకూడదని మన ట్యూషన్లలో కూడా గట్టిగా చెబుతారు. ఈ అభ్యంతరాన్ని ప్రచారంలోకి తెచ్చింది కవి జాన్ డ్రైడెన్. 1672లో ఆయన తన ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాన్ని ఈ కారణంతో తప్పుపట్టాడు. తర్వాత తన పాత వ్యాసాన్ని మళ్లీ అచ్చువేసినప్పుడు అలాంటి వాక్యాలను ఏరి సరిదిద్దుకున్నాడు. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లోత్ అంత దూరం వెళ్లలేదు. మాటల్లో ఇది సహజమేననీ, గంభీరమైన రాతలో తప్పిస్తే బాగుంటుందనీ మాత్రమే అన్నాడు. ఆ సలహా బడిపుస్తకాల్లోకి ఎక్కేసరికి శాసనమైపోయింది. ఈ సూత్రం పేరుతో పిల్లల వాక్యాల మీద ఎర్రసిరా పోయడం ఆపాలి.

అపాస్ట్రఫీని మాత్రం నేను వదలను. ‘ఇట్స్’లో ఆ గీత ఉంటే ‘అది ఫలానా’ అని, లేకపోతే ‘దాని’ అని అర్థం. ఈ తేడా స్థిరపడటానికి చాలా కాలం పట్టింది. 1787 నాటి అమెరికా రాజ్యాంగంలోనే ‘దాని’ అనాల్సిన ఒకచోట గీతతో సహా ఉంటుంది. ఇవాళ తేడా కుదిరింది, చదివేవాడికి సాయపడుతోంది. కాబట్టి నేర్చుకోవాల్సిందే.

ఇక కామా. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చట్టం కొన్ని పనులకు మినహాయింపు ఇచ్చింది. ఆహార పదార్థాలను డబ్బాల్లో నింపడం, శుద్ధి చేయడం, నిల్వచేయడం అంటూ సాగే ఆ జాబితా చివర, రవాణా (షిప్‌మెంట్) కోసం లేదా పంపిణీ కోసం ప్యాకింగ్ అనిపించేలా ఉంది. ‘షిప్‌మెంట్’ తర్వాత కామా ఉంటే పంపిణీ వేరే పనయ్యేది. లేకపోవడంతో మినహాయింపు ప్యాకింగ్‌కే అన్న వాదనకు వీలు చిక్కింది. ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు పంపిణీ చేస్తారు, ప్యాకింగ్ చేయరు. కాబట్టి తమకు ఓవర్‌టైమ్ రావాలని కోర్టుకెళ్లారు. వాక్యం రెండు రకాలుగా అర్థమవుతోందనీ, అలాంటప్పుడు కార్మికుడి వైపు నిలబడాలనీ 2017లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. జాబితాను రాష్ట్రం తర్వాత సెమీకోలన్లతో తిరగరాసింది. విరామ చిహ్నాల పాఠం చెప్పే ప్రతి తరగతిలో ఈ కేసు చెప్పాలి.

కజిన్ బ్రదర్

మన ఇంగ్లిష్ తప్పుల జాబితాల్లో మొదటి వరసలో కనిపించేది ‘కజిన్ బ్రదర్’. కానీ మన చుట్టరికాల్లో పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ. బావను పెళ్లి చేసుకోవచ్చు, అన్నను ఊహించనైనా ఊహించలేం. ఇంత దూరమున్న ఇద్దరినీ ‘కజిన్’ అని ఒకే గాటన కట్టలేక మనవాళ్లు పక్కన బ్రదర్ చేర్చారు. ఇది తెలివితక్కువతనం కాదు, అవసరం. ‘ప్రీపోన్’ కూడా అంతే. పోస్ట్‌పోన్‌కు ఎదురుమాట కావాల్సి వచ్చి మన దేశంలో బాగా వాడుకలోకి తెచ్చుకున్నాం. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో ఉంది. ‘డిస్కస్ అబౌట్’ సంగతి వేరు. ‘దాని గురించి చర్చించాం’ అనే మన వాక్యంలోని ‘గురించి’ అక్కడికి వెళ్లి కూర్చుంది. ఇంగ్లిష్‌లో ఆ క్రియకు అది అక్కర్లేదు. దిద్దాల్సిందే, కానీ ఎందుకు వచ్చిందో చెప్పి దిద్దాలి.

అమెరికాలో 1925 నుంచి జరుగుతున్న జాతీయ స్పెల్లింగ్ బీ పోటీల్లో భారత సంతతి పిల్లలు కొన్ని దశాబ్దాలుగా ముందుంటున్నారు. 2024 విజేత బృహత్ సోమ కుటుంబం మూలాలు తెలంగాణలో ఉన్నాయి. చివరి పోటీలో అతను 90 సెకన్లలో 29 మాటలు తప్పులేకుండా చెప్పాడు. ఈ పోటీలో మాట ఇవ్వగానే పిల్లలు తరచూ అడిగేది, ఇది ఏ భాష నుంచి వచ్చిందని. గ్రీకు అంటే ‘ఫ’కు పి, హెచ్ గుర్తొస్తాయి. ఫ్రెంచి అంటే చివర్లో పలకని అక్షరాలు గుర్తొస్తాయి. మనం బట్టీ అనుకునే విద్యలో సగం భాషా చరిత్రే.

ఆ ప్రశ్న మన తరగతి గదుల్లోనూ అడగనివ్వాలి. ఒక్కో మాట ఇరవైసార్లు రాయించే బదులు దాని చుట్టాలను వెతికిస్తే చాలు. ‘సైన్’లో వినపడని జి ‘సిగ్నేచర్’లో వినిపిస్తుంది. ‘బాంబ్’లో మూగబోయిన చివరి బి ‘బాంబార్డ్’లో పలుకుతుంది. ‘మజిల్’లో దాగిన సి ‘మస్క్యులర్’లో బయటపడుతుంది. ‘డెట్’లో పండితులు పెట్టిపోయిన ఆ బి కూడా దొరుకుతుంది. డబ్బు కట్ అయినప్పుడల్లా బ్యాంకు నుంచి అమ్మ ఫోన్‌కు వచ్చే ‘డెబిట్’ మెసేజీలో ఉంటుంది.